ఇసుర్రాయి మోసిన సిపాయిలు

మొన్న దోమకొండ నుంచి స్వరూప ఫోన్ చేసింది. స్వరూప మా చిన్నమ్మ కూతురు. చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముడి భార్యగా ఎల్లారెడ్డిలో మా ఇంటికి వచ్చి, కొన్నేళ్లకు ఇంకొకరి భార్యగా దోమకొండకు వెళ్లిపోయిన మనిషి. అందుకని స్వరూప నాకు వరసకు ఏమవుతుందని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. తను మాత్రం నన్ను అక్కా అంటుంది. అమ్మ మంచం దిగడం లేదనీ, చూపు పూర్తిగా పోయిందనీ, పొద్దున లేచింది మొదలు ఒకటే మాట అడుగుతున్నదనీ చెప్పింది. "ఎల్లారెడ్డి నుంచి తెచ్చుకున్న సిపాయిల పుస్తకం ఉన్నది గద అక్కా, అండ్ల ఒక పేజీ సదివి వినిపియ్యమంటున్నది. నేను మొత్తం తిరగేసిన. ఆమె చెప్పే ముక్క దొరుకుతలేదు. నీకైతె ఎరుకనట, నిన్ను రమ్మంటున్నది." వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పేజీ నాకు తెలుసు. అది ఆ పుస్తకంలో లేదన్న సంగతీ తెలుసు.

కామారెడ్డిలో ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన దాన్ని. పాల ప్యాకెట్ మీద తేదీ చూడకుండా ఇంట్లోకి తేను. పెళ్లి పత్రికలో వారమూ తేదీ కలవకపోతే పంచినవాళ్లకే ఫోన్ చేసి చెబుతాను. ఈ జ్ఞాపకాల్లో ఇంతవరకు ప్రతి సంగతికీ తేదీ వేస్తూ వచ్చాను. ఈ అధ్యాయానికి మాత్రం వేయడం లేదు. మా చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, ఏ రోజున పోయాడో ఎవరికీ తెలియదు. మొదటి అంకె లేకుండా మిగతా అంకెలన్నీ ఎంత సరిగ్గా వేసి కూడినా వచ్చేది జవాబు కాదు.

బాపు అప్పుడు తహసీల్ కచేరీలో నకళ్లు రాసేవాడు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. ఆయన ఉర్దూ దస్తూరి చూడటానికి పక్క తాలూకాల నుంచి మనుషులు వచ్చేవాళ్లని అవ్వ చెప్పేది. అది నేను నమ్మను, కానీ దస్తూరి మంచిదే. కచేరీలో ఉర్దూ తగ్గి తెలుగు వస్తున్న కాలం అది. తెలుగు రాకపోతే ఉద్యోగం నిలవదని ఆయనకు భయం. బడి నుంచి నేను తెచ్చిన వాచకమే ఆయనకూ వాచకం. ఒత్తు కనబడితే ఆగేవాడు. పెద్ద మాట వస్తే దాన్ని మూడు ముక్కలు చేసి, నోట్లోనే అతికించుకొని, అతుకు కుదిరిందనిపించాక బయటికి అనేవాడు. ఒక్క పేజీ చదవడానికి ఆయనకు పట్టే సమయంలో చిన్నమ్మ నా తల దువ్వి, జడ వేసి, దువ్వెన కడిగి గూట్లో పెట్టేది.

నన్ను కన్న అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నాకు ఊహ తెలియక ముందే పోయింది. బాపు తల్లిని ఊరంతా పిలిచినట్టే మేమూ అవ్వ అనేవాళ్లం. అవ్వ నన్ను బతికించింది. పెంచింది మాత్రం చిన్నమ్మ. పెళ్లయి వచ్చిన నాటికి ఆమెదీ ఏమంత వయసు కాదు. ఆమె కొంగుకు జొన్నపిండి వాసన, చేతులకు కుంకుడుకాయ వాసన. రొట్టె కొట్టేటప్పుడు గాజులు మోచేతి దాకా ఎగదోసుకునేది. రొట్టె పొయ్యి మీద పొంగగానే పైపొర చీల్చి, ఆవిరి పోయేదాకా ఊది, నా చేతిలో పెట్టేది. అమ్మ అంటే ఏమిటని బడిలో పంతులు అడిగితే నేను రొట్టె మీది పొర అని చెప్పానట. ఆ సంగతి ఇప్పటికీ మా బంధువులు చెప్పుకొని నవ్వుతారు. నవ్వవలసింది ఏముందో నాకు తెలియదు.

చిన్నబాపు పేరు సాయిలు. ఫౌజులో సిపాయి. సెలవు మీద వస్తే ఇంటి కప్పుకు పెంకులు సర్దేవాడు, బావికి కొత్త చేంతాడు పేనేవాడు, ఫౌజు సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పేవాడు కాదు. ఏం తింటవు, ఎక్కడ పంటవు, చలికి ఏం కప్పుకుంటవు అని అవ్వ ఎంత గుచ్చి అడిగినా "మంచిగనే ఉన్న" అనేవాడు. చివరిసారి సెలవు అయిపోయినప్పుడు బాపు కామారెడ్డి స్టేషన్ దాకా పోయి రైలెక్కించి వచ్చాడు. వచ్చేటప్పుడు చేతిలో అట్ట లేని పుస్తకం ఒకటి ఉంది. స్టేషన్ బయట పాత పుస్తకాల బండి మీద చిన్నబాపే ఏరి కొని ఇచ్చాడట. వెనకటి కాలం రోము దేశపు సిపాయిలు ఎట్లా బతికేవాళ్లో, ఎట్లా యుద్ధం చేసేవాళ్లో అందులో ఉంది. "అవ్వ అడిగినయన్ని ఇండ్ల ఉన్నయే అన్నా. నేను వచ్చేదాక గిది సదివి వినిపియ్యి" అన్నాడట. తమ్ముడు అప్పజెప్పిన పని కనుక బాపు మరునాడే మొదలుపెట్టాడు.

కచేరీ నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, పొద్దు గూకక ముందే చదవాలి. నడవలో వెలుతురు వచ్చే వైపు బాపు కూర్చునేవాడు. ఎదురుగా అవ్వ ఇసుర్రాయి ముందు ఒక కాలు చాపుకొని జొన్నలు విసిరేది. చిన్నమ్మ గడప దగ్గర చాటలో బియ్యం ఏరేది. నేను బాపు పక్కన కూర్చొని ఆయన చదివే వరస కింద వేలు జరుపుతూ ఉండేదాన్ని. ఆ వేలే ఆయనకు దారి. ఇసుర్రాయి చప్పుడు, బాపు కూడబలుక్కునే చప్పుడు ఒకదాని మీద ఒకటి నడిచేవి. యుద్ధం వచ్చిందంటే అవ్వ ఇసరడం ఆపేది. ఎవరూ చావలేదని తేలేదాకా మళ్లీ పిడి పట్టేది కాదు. కానీ ఆ పుస్తకంలో యుద్ధాలకంటే నడకే ఎక్కువ. సిపాయిలు పొద్దంతా నడుస్తారు, సాయంత్రం కందకం తవ్వి, గుంజలు పాతి, గుడారం వేస్తారు, తెల్లారి అన్నీ విప్పి మళ్లీ నడుస్తారు. గుడారానికి ఎనిమిది మంది. ఎనిమిది మందికి కలిపి ఒక ఇసుర్రాయి. తమ వంతు ధాన్యం తామే విసురుకొని రొట్టె కాల్చుకోవాలి.

ఈ ముక్క విన్న రోజు అవ్వ బాపు చేత రెండుసార్లు చదివించుకుంది. మగవాళ్లు ఇసుర్రాయి మోసుకొని యుద్ధానికి పోయారంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. "గా రోము నాందేడుకు ఇవుతలనా, అవుతలనా?" అని అడిగింది. చాలా అవుతల అని బాపు చెప్పాడు. "ఇసిరేటప్పుడు పాట పాడుతరా మరి? పాట లేనిది పిండి మెత్తగ రాదు. గరుకు పిండి తిని గంత దూరం నడిస్తె కడుపుల నొయ్యదా?" బాపు పేజీ ముందుకూ వెనక్కూ తిప్పి, పాట సంగతి రాయలేదని చెప్పాడు. రాసినవాని తల్లి ఎన్నడూ ఇసిరి ఉండదని అవ్వ తేల్చేసింది. ఆ రోజు నుంచి ఆమెకు సిపాయిలంటే ఇసుర్రాయి మోసేవాళ్లే. చిన్నబాపు గుడారంలో ఎవరు ఇసురుతున్నారో, వానికి చేత కాదు కదా అని అప్పుడప్పుడు పైకే అనుకునేది.

బాపు ఒక మాట వదిలినా నేను ఊరుకునేదాన్ని కాదు. వేలు అక్కడే ఆపి "బాపూ, ఇది తప్పిపోయింది" అనేదాన్ని. పుస్తకం తప్పులూ పట్టేదాన్ని. సిపాయి మోసే బరువులు విడివిడిగా రాసి, కింద మొత్తం రాసిన చోట ఆ మొత్తం తప్పు. నేను వేళ్ల మీద కూడి చూపిస్తే, చచ్చిపోయినవాళ్ల మూట మనం దింపలేం, ఉండనీ బిడ్డా అన్నాడు. పహరా సంగతి వచ్చిన పేజీ కూడా నాకు బాగా గుర్తు. పహరాలో నిలబడ్డ సిపాయి, ఇంకొకడు వచ్చి తీరిందని చెప్పేదాకా కదలకూడదు. నిద్రపోతే తోటి సిపాయిలే కర్రలతో కొట్టి చంపేవాళ్లు. బాపు అది చదివినప్పుడు చిన్నమ్మ చాట మీద చేయి ఆపి, "ఎవ్వలు రాకపోతె?" అని అడిగింది. ఆమె ఆ పుస్తకాన్ని ఏదైనా అడగడం అదొక్కసారే. దానికీ బాపు పేజీ తిప్పి చూశాడు. రాయలేదు.

పుస్తకం సగానికి రాకముందే మంచుకొండల మీద యుద్ధం వచ్చింది, ఆగింది. ఫౌజు నుంచి తారు, అంటే టెలిగ్రాం, వచ్చింది. బాపు కచేరీలోనే ఎవరిచేతనో చదివించుకొని ఇంటికి వచ్చాడు. చనిపోయాడని అందులో లేదు. ఆచూకీ తెలియడం లేదని ఉంది. అవ్వ ఆ మాటను రెండు చేతులతో పట్టుకుంది. ఆచూకీ తెలియనివాడు ఎక్కడో ఉన్నట్టే కదా అంది. పుస్తకం ఆపొద్దంది. వాడు వచ్చేదాకా చదవమన్నాడు, వాడు రాలేదు, చదువు. బాపు చదివాడు. చివరి పేజీ అయిపోతే మొదటికి తిప్పి మళ్లీ చదివాడు. రెండోసారీ తడబడ్డాడు, మూడోసారీ తడబడ్డాడు. చదవడం ఆయనకు అంత కష్టం.

మాకు పెత్రమాస నాడు చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఒకరి పేరు మీద బియ్యం ఇచ్చారంటే ఆ మనిషి లేడని ఇల్లు ఒప్పుకున్నట్టు. పెత్రమాసలు వచ్చిపోతున్నా అవ్వ మా తాత పేరు మీద ఇచ్చేది, మా అమ్మ పేరు మీద ఇచ్చేది, చిన్నబాపు పేరు ఎత్తేది కాదు. ఎత్తనంతకాలం చిన్నమ్మకు పుస్తెలు ఉన్నాయి, గాజులు ఉన్నాయి, కానీ పేరంటానికి పిలుపు లేదు. బతుకమ్మ నాడు వాకిట్లోకి వచ్చిన ఆడవాళ్లు కుంకుమ భరిణె పట్టుకొని, ఈమెకు బొట్టు పెట్టాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ నవ్వుతూ, "సగం ముత్తైదువకు సగం బొట్టు పెట్టాల్నా ఏంది" అంది. చిన్నమ్మ నా చెయ్యి పట్టుకొని లోపలికి వచ్చేసింది. కామారెడ్డి బస్సు చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి గడప దగ్గరికి వచ్చి నిలబడేది. దిగినవాళ్లంతా వెళ్లిపోయాక కూడా నిలబడే ఉండేది.

దోమకొండ నుంచి ఆమె తండ్రి వచ్చాడు. మావాళ్లలో మారుమనువు ఉంది, తప్పు కాదు. భార్య పోయినవాడు, సేద్యం ఉన్నవాడు, మంచివాడు ఒకడున్నాడనీ, తన బిడ్డ ఈడు కరిగిపోతున్నదనీ తల వంచుకొనే చెప్పాడు. ఆయన గట్టిగా అన్నది ఒక్కటే. "ఉన్నడో లేడో చెప్పుండ్రి. ఉంటె ఉంచుకోండ్రి. లేకుంటె తోల్కపోత." అవ్వ పిడి మీది చెయ్యి తీయలేదు. "నా కొడుకు లేడని నా నోటితోనే అనిపిస్తవా పటేలా?" అంది. ఆయన నీళ్లు కూడా తాగకుండా వెళ్లాడు. చిన్నమ్మ లోపల రొట్టె కొడుతూనే ఉంది. ఆ పూట రొట్టెలన్నీ మాడాయి.

అది జరిగిన కొన్నాళ్లకే బాపు ఆ పేజీ చదివాడు. అదే నడవ, అదే వెలుతురు. ఇసుర్రాయి పేజీ తీశాడు. నేను వేలు పెట్టబోతే నా వేలు పక్కకు జరిపి, పేజీ మీద తన అరచెయ్యి బోర్లించాడు. తరువాత చదివాడు. "సిపాయి పోయిన తావు తెలియనప్పుడు, పహరా తీరిందని అతని భార్యకు చెప్పవలసినది అతని తల్లి. తల్లి అతని వంతు ధాన్యమును కొలిచి కోడలి ఒడిలో పోసి, నీ పహరా తీరింది, పో బిడ్డా అని పంపవలెను. అటు పిమ్మట సిపాయి తిరిగి వచ్చినను ఆమెను తప్పు పట్టుటకు వీలు లేదు."

ఆ పుస్తకం అప్పటికి నాకు దాదాపు కంఠతా వచ్చు. ఈ మాటలు అందులో లేవు. నేను నోరు తెరిచాను. బాపు నా వైపు చూశాడు. కోపం కాదు. పంతులు అడిగిన ప్రశ్నకు జవాబు రాని పిల్లవాడు పక్కవాని వైపు చూస్తాడే, ఆ చూపు. గడప దగ్గర చాట చప్పుడు ఆగిపోయింది. నేను నోరు మూసుకున్నాను. అవ్వ మళ్లీ చదవమనలేదు. పిడి పట్టుకొని, ఇసుర్రాయిలో ఉన్న జొన్నలన్నీ అయిపోయేదాకా విసిరింది. అయిపోయాక కూడా కాసేపు ఒట్టి రాయి తిరిగింది.

ఆ ఏటి పెత్రమాసకు అవ్వ ఏం చేస్తుందో అని చుట్టుపక్కల ఇండ్లన్నీ చూశాయి. తాత పేరు మీద ఇచ్చింది, మా అమ్మ పేరు మీద ఇచ్చింది, లేచింది. దసరా వెళ్లాక ఒక మంచి రోజు చూసి చిన్నమ్మకు తలంటి పోసి, పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసింది. ఒడిబియ్యం పోసేది ఆడపిల్లకు పుట్టింటివాళ్లు. అత్త కోడలికి పోయడం మా దగ్గర ఎవరూ ఎరగరు. ఇదెక్కడి ఆచారం అని పక్కింటామె అడిగితే, రోము ఆచారం అని అవ్వ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. "నీ పహరా తీరింది, పో బిడ్డా" అని పుస్తకంలో మాటలే అంది. ఆ బియ్యం మీద అట్టలేని పుస్తకం కూడా పెట్టింది. "రేపెవడన్న ఒక మాటంటె పేజీ తీసి చూపియ్యి. సిపాయిల కానూను అని చెప్పు." అట్లా అవ్వ కోడల్ని పంపింది. కొడుకును మాత్రం పంపలేదు. ఆమె బతికినంత కాలం చిన్నబాపు పేరు మీద బియ్యం ఇవ్వలేదు, బాపును ఇవ్వనియ్యలేదు.

బస్సెక్కేటప్పుడు చిన్నమ్మ నన్ను ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే దింపలేననుకుందేమో. మరునాడు పొద్దున బాపు నాకు జడ వేశాడు. వేయడం రాక రెండు పాయలతోనే మెలి తిప్పాడు. బడికి చేరేలోపు విడిపోయింది. ఆ పేజీ చదివితే ఇంట్లో నుంచి ఎవరు పోతారో ఆయనకు తెలుసు. తల్లి లేని తన బిడ్డకు దొరికిన తల్లిని తన నోటితోనే పంపాడు. ఆ సంగతి నేను పెళ్లయి పిల్లలు పుట్టాక గాని పూర్తిగా కూడుకోలేదు. ఆయన ఆ తరువాత ఎన్నడూ పైకి చదవలేదు. అవ్వా అడగలేదు.

అవ్వ చివరి రోజుల్లో నేను పక్కన కూర్చొని కాళ్లు ఒత్తుతుంటే తనంతట తనే చెప్పింది. "మీ బాపు గా ముక్క ఒక్కకాడ గూడ ఆగకుండ సదివిండు. ఆయన ఎన్నడన్న గట్ల సదివిండా? పుస్తకంల ఉన్నది గాదు బిడ్డా అది. కడుపుల ఉన్నది." తెలిసి ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. ఒక కొడుకు కోసం మొండికేసి ఇంకో కొడుకు చేత అబద్ధం ఆడించానని అంది. ఎన్నడూ అబద్ధం ఆడనివాడు, దానికి కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నాడు అంది. చిన్నమ్మకు తెలుసా అని అడిగాను. "దానికేం ఎరుక. అది పుస్తకాన్ని నమ్మింది" అంది.

నిన్న కామారెడ్డి బస్టాండులో దోమకొండ బస్సు కోసం కూర్చుంటే, పక్క బల్ల మీద ఒకావిడ ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకొని కొడుకుతో మాట్లాడుతున్నది. తెర మీద పిల్లవాడు ఫౌజు టోపీలో ఉన్నాడు. వెనక మంచు. ఏం తిన్నవురా అని అడిగింది. రొట్టె, పప్పు అని చెప్పి పళ్లెం కూడా చూపించాడు. ఆమె తృప్తిగా ఫోను సంచిలో వేసుకొని, కంకి కొనుక్కొని తిన్నది. మా అవ్వ ఏళ్ల తరబడి ఒక పుస్తకాన్ని అడిగి, దొరకక, రోము సిపాయిల రొట్టెతో సరిపెట్టుకున్న జవాబు అది. ఆ తల్లి మీద నాకు అసూయ లేదు. తూకం వేయకుండా ఉండలేని బుద్ధి మాత్రం నాది.

చిన్నమ్మ మంచంలో ఒక పక్కకు తిరిగి పడుకొని ఉంది. నా చెయ్యి అందుకొని వేళ్లన్నీ తడిమి, చిక్కిపోయినవు బిడ్డా అంది. స్వరూప పుస్తకం తెచ్చి ఇచ్చి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పేజీలు పసుపు మరకలతో అంటుకుపోయి ఉన్నాయి. తిప్పుతుంటే బాపు ఎన్నడూ పైకి చదవని పేజీ ఒకటి కనబడింది. రోము సిపాయికి కొలువులో ఉన్నంతకాలం పెళ్లి చేసుకునే హక్కు లేదని అందులో రాసి ఉంది. చిన్నప్పుడు నేను అక్కడ వేలు పెట్టబోతే, అంతా పెళ్లిళ్ల గొడవ, పోనీ బిడ్డా అని బాపు పేజీ తిప్పేయడం గుర్తొచ్చింది. భార్యలే లేని సిపాయిలకు బాపు ఒక కోడల్ని, ఒక అత్తను కల్పించాడు.

"నేను ఎన్నో రోజులు ఉండ" అంది చిన్నమ్మ. ఇక్కడి ఆయన మంచివాడే, పిల్లలు మంచివాళ్లే, దేనికీ తక్కువ లేదని చెప్పింది. తరువాత గొంతు తగ్గించింది. "గాడికి, మీదికి పోతె మీ చిన్నబాపు కలుస్తడు గద. నేను రాకముందే ఎందుకు పోయినవే అంటె ఏం చెప్పాలె? మాటలు మర్చిపోయిన బిడ్డా. తప్పు పట్టరాదని ఉంటది, గా ముక్క సదువు. నేర్సుకొని పోత."

నేను ఇసుర్రాయి పేజీ తీసి, దాని మీద అరచెయ్యి బోర్లించాను. ముప్పై ఏళ్లు తప్పు జవాబుల మీద ఎర్ర సిరా గీత గీసిన చెయ్యి అది. చదవక ముందే మనసులో ఒక నిర్ణయం చేసుకున్నాను. ఆగకుండా చదివితే అవ్వ పట్టుకున్నట్టు ఈమె కూడా పట్టుకుంటుంది. కనుక కూడబలుక్కోవాలి. తావు దగ్గర ఒకసారి, ధాన్యము దగ్గర ఒకసారి, వీలు లేదు దగ్గర ఒకసారి ఆగాలని గుర్తులు పెట్టుకున్నాను. మొదటి రెండు చోట్లా అనుకున్నట్టే ఆగాను. పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన గొంతును బాపు గొంతులాగా తడబరిచాను. కానీ "పో బిడ్డా" అన్న చోటికి వచ్చేసరికి మాట ముందుకు రాలేదు. అక్కడ ఆగాలని నేను అనుకోలేదు.

చిన్నమ్మ తన చెయ్యి పాకించి, పేజీ మీద ఉన్న నా చెయ్యిని వెతికి పట్టుకుంది.

"నిమ్మలంగ సదువు బిడ్డా. అక్షరాలు యాడికి పోతయి" అంది.